నోరు కాదు, నొరు

వాహనం ఎక్కడాన్ని జపనీస్ భాషలో 'నొరు' అంటారు. ఆరంభ దశలోనే ఎదురయ్యే ఈ క్రియ మన 'నోరు'కు ఒక్క దీర్ఘం మాత్రమే తక్కువ కావడం వల్ల, రైలుపెట్టె తలుపును తెరిచిన నోరుగా ఊహించుకుని ప్రయాణికులు అందులోకి ఎక్కుతున్నట్టు తలచుకున్న తెలుగు విద్యార్థికి శబ్దమూ అర్థమూ ఒకేసారి పట్టుబడతాయి. తెలిసిన మాట ఆసరాతో తెలియని మాటను నిలుపుకునే ఈ ఉపాయమే ధారణాసంకేతం.

అయితే ఆ దీర్ఘం దగ్గర జాగ్రత్త తప్పనిసరి, జపనీస్‌లో 'ఒబసన్' అంటే పిన్ని లేదా అత్త, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. ఒ, ఓలకు వేర్వేరు అక్షరాలున్న తెలుగు లిపి ఇక్కడ గొప్ప అండ కాబట్టి, జపనీస్ లిపి చేతికి వచ్చేదాకా రోమన్ అక్షరాల కంటే తెలుగులో రాసుకోవడమే మేలు.

సంకేతం చేయలేని పని ఒకటుంది. ఎక్కే వాహనం పేరు తర్వాత 'ని' అనే ప్రత్యయం చేరి 'దెన్ష ని నొరు' (రైలు ఎక్కు) అవుతుంది. దిగేటప్పుడు మాత్రం 'ఒ' చేరి 'దెన్ష ఒ ఒరిరు' (రైలు దిగు) అవుతుంది. తెలుగులో రెండుచోట్లా 'రైలు' అంటే చాలు. పైగా జపనీస్ 'ని' చేరే చోటును తెలుపుతుందే తప్ప, మన ద్వితీయా విభక్తి 'ని'తో దానికి ధ్వనిలో తప్ప పోలిక లేదు. ఈ భేదం వాక్యాల వల్లనే అలవాటవుతుంది.

అలాంటి వాక్యాన్ని మన ఊళ్ళ పేర్లతోనే చూద్దాం: బాపట్ల విజయవాడ–చెన్నై ప్రధాన మార్గంలో ఉన్నది, రేపల్లె శాఖామార్గం తెనాలిలో చీలుతుంది. అందువల్ల 'బాపట్ల దె దెన్ష ని నొత్తె, తెనాలి దె నొరికఎతె, రేపల్లె ని ఇత్త' అనే వాక్యాన్ని 'బాపట్లలో రైలెక్కి, తెనాలిలో రైలు మారి, రేపల్లెకు వెళ్ళాడు' అనే వాక్యం పక్కన పెడితే, 'దె'కు 'లో', 'నొత్తె'కు 'ఎక్కి', 'నొరికఎతె'కు 'మారి' అదే వరుసలో ఎదురెదురుగా నిలుస్తాయి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారికి ఈ సౌలభ్యం దక్కదు. ప్రధానమైన తేడా చివరి క్రియలో: వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అనే నాలుగింటికీ సాధారణ రూపం 'ఇత్త' ఒక్కటే.

జపనీస్ మొదలుపెట్టిన విద్యార్థులు తోక్యో, ఓసక వాక్యాలను తర్వాత చదువుకోవచ్చు. ముందుగా తాము రోజూ ఎక్కి దిగే స్టేషన్ల పేర్లతో పది వాక్యాలు రాసుకుని, పైకి చదవాలి.