ఇంటి గంట, మనిషి గంట

మా అమ్మ పాలపద్దు వెంకట్రామా క్యాలెండర్ మీదే రాసేది. తారీఖు గడిలో నిలువుగీత ఉంటే లీటరు, సున్నా ఉంటే ఆ పూట పాలు రాలేదని. నెలాఖరున పాలవాడితో పేచీ వస్తే గోడ మీది క్యాలెండర్ దింపి వాడి ముందు పెట్టేది, అంతే. టెక్సాస్‌లో ఇంట్లోనే డేకేర్ నడుపుతూ ఇప్పుడు నేను చేస్తున్నదీ ఆ పనే. ఆవిడ పాలు లెక్కపెట్టింది, నేను గంటలు లెక్కపెడుతున్నాను.

ఇంట్లో వ్యాపారం పెట్టుకుని గది ఖర్చు పన్ను లెక్కలో చూపించుకోవాలంటే, ఆ గది వ్యాపారానికి తప్ప దేనికీ వాడకూడదని ఇక్కడి ఆదాయపన్ను వాళ్ల నియమం. డేకేర్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు, లైసెన్సో రిజిస్ట్రేషనో సరిగ్గా ఉంటే చాలు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్న హాల్లోనే రాత్రి మేం సినిమా చూడొచ్చు. ఊరికే ఇస్తారా మరి! ఆ హాలు ఏడాదిలో ఎన్ని గంటలు పిల్లల కోసం పనిచేసిందో చెప్పమంటారు. ఫారం 8829లో ఆ అంకెని 8,760తో భాగించాలి. ఏడాదికి అన్ని గంటలు. 2024లాంటి లీపు ఏడాదైతే 8,784. వచ్చినదాన్ని ఇంట్లో డేకేర్‌కి వాడే స్థలం వాటాతో గుణిస్తే, ఇంటి ఖర్చులో ఎంత శాతం వ్యాపారానిదో తేలుతుంది.

మొదటి ఏడాది నేను తెలివితక్కువ పని చేశాను. పిల్లలు పొద్దున ఏడున్నరకి వస్తారు, సాయంత్రం ఐదున్నరకి వెళ్తారు. రోజుకి పది గంటలు, వారానికి ఐదు రోజులు, యాభై వారాలు, మొత్తం 2,500 అని వేసేసి చేతులు దులుపుకున్నాను. పిల్లలు రాకముందు ఉప్మా చేసింది, వెళ్లాక బొమ్మలు కడిగింది, నేల తుడిచింది, హాజరు రాసుకుంది ఎవరు? అదంతా ఇంట్లో జరిగిన డేకేర్ పనే, లెక్కకి వస్తుంది. రోజుకి గంటన్నర అనుకుంటే 375 గంటలు. ఇంట్లో ముప్పావు వంతు పిల్లల కోసం వాడతాను, ఏడాదికి వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కరెంటు, నీళ్లు కలిపి 30,000 డాలర్లనుకుంటే, ఆ గంటన్నర రాయనందుకు దాదాపు 960 డాలర్ల ఖర్చు చూపించకుండా వదిలేశానన్నమాట. పన్ను మొత్తం అంత తగ్గుతుందని కాదు, పన్ను పడే ఆదాయం అంత తగ్గుతుంది. అయినా కడుపు మండదూ?

ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి ఫ్రిజ్ పక్కన ఓ లాంగ్ నోట్‌బుక్ వేలాడుతోంది. పేజీకి రెండు గళ్లు. ఒకటి ఇంటిది, ఒకటి మనిషిది. ఈ రెండూ వేరని ఒంటబట్టడానికి నాకు నెల పట్టింది. సాయంత్రం నేనూ, మావారూ, పదిహేనేళ్ల మావాడూ ముగ్గురం కలిసి ముప్పావుగంట సర్దితే, ఇంటి గడిలో పడేది ముప్పావుగంటే. ముగ్గురున్నారు కదా అని రెండుంబావు గంటలు రాయకూడదు, ఇంటికి ఉన్నది ఒకటే గడియారం. ఇది చెప్తే మావారు, సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, “అయితే పేరలల్‌గా వద్దు, సీరీస్‌లో చేద్దాం, ఒకళ్ల తర్వాత ఒకళ్లం” అన్నారు. అప్పుడు నేను పడుకునేసరికి పదకొండవుతుంది. శనివారం ఆయన కాస్ట్‌కోకి వెళ్లి పిల్లలకి పాలూ, టిష్యూలూ తెచ్చే రెండు గంటలూ ఇంటి గడిలోకి రావు, ఎందుకంటే ఆ సమయంలో పని ఇంట్లో జరగడం లేదు.

మనిషి గడి జీతం కోసం. మావారికి జీతం రాయను. ఇద్దరం కలిసే రిటర్న్ వేస్తాం, ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టుకోవడమే అవుతుంది. మావాడి సంగతి వేరు. పద్దెనిమిది నిండని సొంత కొడుక్కిచ్చే జీతం మీద, వ్యాపారం నా ఒక్కదాని పేరనే ఉంది కాబట్టి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. కానీ పని నిజంగా చెయ్యాలి, బయటివాళ్లకి ఎంతిస్తామో అంతే ఇవ్వాలి, చెక్కుతో ఇస్తే మంచిది, ఏ రోజు ఏం చేశాడో రాసి ఉండాలి. వాడి గది వాడు సర్దుకుంటే పైసా రాదు. “బొమ్మల బుట్ట, 5.40 నుంచి 6.25” అని వాడి కోడిరాతలో కనబడితే నాకు మా అమ్మ గీతలే గుర్తొస్తాయి.

అసలు చిక్కు అత్తయ్యతో వచ్చింది. ఆవిడ విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చారు. ఆ వీసా మీద వచ్చినవాళ్లని పనిలో పెట్టుకోకూడదు, డేకేర్ వైపుకే రావద్దని మా ట్యాక్స్ చూసేవాడు గట్టిగా చెప్పాడు. పగలంతా మేడ మీద కూర్చోబెట్టాను. “పసిపిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోకూడదా? ఇదేం దేశమే!” అని ఆవిడ బాధ. ఓ సాయంత్రం నేను నేల తుడుస్తుంటే ఆవిడ చేతులూరుకోక మినప్పప్పు కడిగి గ్రైండర్‌లో వేశారు. “రేపు ఆ పిల్లలకి నాలుగు ఇడ్లీలు పెట్టమ్మా, రోజూ ఆ రొట్టెముక్కలేనా” అన్నారు. గ్రైండర్ తిరిగినంతసేపూ నోట్‌బుక్ వంక చూశాను. ఆవిడ రుబ్బినదానికి రెండు గళ్లలోనూ ఏమీ రాయలేదు. ఆ పిండితో మర్నాటి రాత్రి మేం దోసెలేసుకున్నాం. పిల్లలకి నేనే ఆరున్నరకి లేచి పప్పన్నం వండాను. ఆరున్నర నుంచి ఏడున్నర, గంట, ఇంటి గడిలో.