వీరంకిలాకు

కృష్ణా జిల్లా పామిడిముక్కల మండలంలో వీరంకి ఉంది, వీరంకిలాకూ ఉంది. రెండోదానికి బస్సులో టిక్కెట్టు అడిగేవాళ్లెవరూ సగం ఇంగ్లీషు మాట్లాడుతున్నామనుకోరు.

మాటలు పోగెయ్యడం నాకు పాత అలవాటు. ఈ పని చేసేవాళ్లకో జబ్బుంది. తాతలనాటి మాటైతే అపురూపం, బయటి నుంచి వస్తే మైల. ‘లాకు’ ఎదురైనప్పుడల్లా ఆ మడి కట్టుకోవడం హాస్యాస్పదంగా తోస్తుంది.

బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పని మొదలైంది 1852లో. 1855కి అది పూర్తయింది. కాలువలు నీళ్లకే కాదు, పడవలకూ దారులయ్యాయి. బెజవాడ నుంచి బందరుకు నేల పల్లం. వాలులో నీరు ఉరికితే పడవ నిలవదు. అందుకని అక్కడక్కడా మట్టం మార్చి, రెండు జతల తలుపుల మధ్య తొట్టి కట్టారు. పడవను లోపలికి రానిచ్చి తలుపులు మూసేవారు. నీళ్లు వదిలితే పడవ దిగువ మట్టానికి దిగేది. ఎదురొచ్చే పడవనైతే తొట్టిలో నీళ్లు నింపి పైకి లేపేవారు. అదీ లాకు.

తర్వాత పడవలు పోయాయి, మాట పోలేదు. నీళ్లు ఆపే తలుపులన్నీ లాకులే అయ్యాయి. ‘లాకులెత్తారా?’ అంటే నారుమళ్లకు తడి అందుతుందా అని. ఆ చుట్టుపక్కల చోటంతా కూడా లాకులే: గుంటూరు వైపు దుగ్గిరాల లాకులు, కోనసీమలో లొల్ల లాకులు. ఇంగ్లీషులో తలుపు తాళానికీ ఇదే మాట. మన రైతు మాత్రం తాళం జోలికి పోకుండా, కాలువకు కావలసినంతే పుచ్చుకున్నాడు. ఇంత లెక్కగా అరువు తెచ్చుకోవడం మన పండితులకూ చేతకాలేదు!

ఆ లాకుల్ని చూసుకునే మనిషి లస్కరు. పారసీలో సైన్యాన్ని చెప్పే లష్కర్ ఎక్కడెక్కడో తిరిగి మన కాలువగట్టు చేరింది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. మన ఆనకట్టకు తోబుట్టువైన తమిళ అణైక్కట్టు, ఇంగ్లీషు ఇంజనీర్ల కాగితాల్లో ‘ఆనికట్’ అయి కూర్చుంది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. కాలువ పనివాళ్ల మాటలకూ అంత ఓపిక దక్కాలి. మీ ఇంట్లోనో, వీధిలోనో లస్కరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉంటే, ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. తలుపులో ఏ భాగాన్ని ఏమనేవారో, పడవవాళ్లు ఏమని కేకేసేవారో అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. దిద్దకండి.