సుగ్గలదేవి పంతం

పాల్కురికి సోమనాథుడి బసవ పురాణం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది బెజ్జమహాదేవి. శివుడికి తల్లి లేదే అని బెంగపడి, తానే తల్లినవుతానని కూచున్న పిచ్చితల్లి. లేకపోతే గొడగూచి, తను తెచ్చిన పాలు స్వామి తాగడంలేదని ఏడ్చిన చిన్నపిల్ల. ఆ కథలు ఎన్నిసార్లు చదివినా నాకు కళ్లు చెమరుస్తాయి. 13వ శతాబ్దంలో, పండితులు ముక్కు విరిచే ద్విపదలో, జానుతెనుగులో, ఆడవాళ్ల భక్తిని ఇంత ముద్దుగా చెప్పిన కవి మరొకడు లేడని నా నమ్మకం.

అదే పుస్తకంలో మన పటాన్‌చెరు కథ కూడా ఒకటుంది. దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందులో ఊరి పేరు పొట్టలకెరె. అది ఇప్పటి పటాన్‌చెరేనని చరిత్రకారులంటారు. అక్కడి రాజు జైనుడు. రాణి సుగ్గలదేవి శివభక్తురాలు.

ఇందులో వింతేముందండీ? మొగుడు నాస్తికుడై, పెళ్లాం శనివారాలు ఉపవాసాలుండే ఇళ్లు మన రామచంద్రాపురం క్వార్టర్లలో వెతికితే దొరకవూ! మహా అయితే పండగపూట రెండు మాటలనుకుంటారు, పొయ్యిమీద కూర మాడుతుంది, అంతే. రాజుగారింట్లో అలా కుదరదు. రాణి గురువు దేవర దాసయ్య వచ్చాడు, జైనులతో వాదించాడు, గెలిచాడు. రాజు మతం మారాడు. ఊళ్లో బసదులు కూలాయి. ఆలుమగల పంతం పోయిపోయి పక్కవీధివాళ్ల గుడిమీద పడింది!

దీన్ని సోమనాథుడు పండగలా చెబుతాడు. నా ఫిర్యాదు అక్కడే.

ఈ కవే బసవన్న కథ ఎలా చెప్పాడో చూడండి. జహీరాబాదు దాటాక వచ్చే నేటి బసవకల్యాణ్‌లో, 12వ శతాబ్దంలో, బిజ్జలుడి కొలువులో భండారం చూసేవాడు బసవన్న. జంధ్యం వద్దన్నాడు, కులం లెక్కచేయలేదు. రాజు సొమ్ము జంగాలకు దోచిపెడుతున్నాడని ఆయనమీద చాడీలు చెప్పారు. తీరా పెట్టెలు తెరిచి లెక్కపెడితే ఒక్క మాడ తగ్గలేదట. కథగా ఎంతో బాగుంది. కానీ తాళంచెవి పట్టుకున్నవాడు తన మతంవాళ్లను ఆదరిస్తూంటే తక్కినవాళ్లు అడగరా? అడిగినవాళ్లంతా కవికి దుర్మార్గులే. ఫలానా మతాన్ని పెంచడానికంటూ ఎవరిచేతా పన్ను కట్టించకూడదని మన రాజ్యాంగం 27వ అధికరణంలో రాసుకున్నది ఇలాంటి అనుమానానికి చోటివ్వకూడదనే. మహిమతో పెట్టె నిండుతుందని మనం కూచోలేం గదా!

చివరికి బిజ్జలుడు అల్లయ్య, మధువయ్య అనే భక్తుల కళ్లు తీయించాడు. అక్కడ కవి ఆక్రోశం చదువుతూంటే నాకూ కడుపు రగిలిపోయింది. ఒకరి నమ్మకంమీద రాజు చెయ్యి వెయ్యడం ఎంత ఘోరమో ఆయనకు బాగా తెలుసు. తెలిసుండీ, పొట్టలకెరెలో ఆ చెయ్యే తనవైపు పనిచేస్తే సంబరపడ్డాడు. కాలం అలాంటిది అంటారు పండితులు. అననివ్వండి. బెజ్జమహాదేవి మనసును అంత సుకుమారంగా పట్టుకున్న కవికి, ఆ రోజు పూజకని బసదికి బయల్దేరిన జైన ఇల్లాలు ఒక్కర్తె అయినా కంటపడలేదేం?

పటాన్‌చెరులో దొరికిన జైన శిల్పాలు కొన్ని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. బసవ పురాణం చదవడం మాత్రం మానకండి. పక్కన నిఘంటువు పెట్టుకుని, బెజ్జమహాదేవితో మొదలుపెడితే దారి సుళువు.