తామరకు బురద అంటించిందెవరు?

బుద్ధ పూర్ణిమకో, ధమ్మచక్ర ప్రవర్తన దినానికో మన విహారాల్లో పిల్లలు వేసిన బొమ్మలు గోడలకు తగిలిస్తాం. వాటిలో నీటిరంగుల తామరపువ్వులే ఎక్కువ. మనకు ఇష్టమైన పువ్వు కదా. పైగా వేయడం తేలిక. రెండు మూడు రంగులు, ఒక కుంచె, గ్లాసుడు నీళ్ళు ఉంటే చాలు. ఏళ్ళ తరబడి ఈ బొమ్మల్ని చూస్తున్న నాకు వాటి మీద ఒక అభ్యంతరం ఉంది. అది పిల్లల మీద కాదు, ఆ బొమ్మ నేర్పుతున్న పెద్దల మీద.

బొమ్మ దాదాపు ఎక్కడైనా ఒకటే. పైన గులాబీరంగు పువ్వు, కింద నల్లగానో ముదురు గోధుమరంగులోనో ఒక పట్టీ. ఆ పట్టీ బురద. రెంటికీ మధ్య నీళ్ళుండవు, తూడు ఉండదు. అడుగున మాత్రం ఒక వాక్యం ఉంటుంది, బురదలో పుట్టినా తామర తామరేనని.

ఈ మాట ఎప్పుడు, ఎవరి నోట వింటామో గుర్తు చేసుకోండి. వాడలో పిల్లకు మెడిసిన్ సీటు వస్తుంది. సన్మాన సభలో ఓ పెద్దమనిషి లేచి ‘బురదలో తామర’ అంటాడు. మనమూ చప్పట్లు కొడతాం. లా చదివినవాణ్ణి, అడ్డుప్రశ్న వేయకుండా ఉండలేను. పిల్ల తామరైతే బురద ఎవరు? కూలికి పోయి ఫీజు కట్టిన తల్లా? ట్యూషన్ డబ్బులడగకుండా రాత్రిపూట పాఠం చెప్పిన పక్కింటి అన్నా? ఒక్కరిని పొగుడుతున్నట్టే ఉండి వాడ మొత్తాన్ని తిట్టే మాట ఇది. దాన్ని మన పిల్లలే రంగులేసి మన గోడకే తగిలిస్తున్నారు.

బుద్ధుడు చెప్పిందే కదా అంటారు. చూద్దాం. అంగుత్తర నికాయంలో దోణుడనే బ్రాహ్మణుడు ‘తమరెవరు’ అని అడిగినప్పుడు బుద్ధుడు తామర పోలిక తెచ్చాడు. ఆ పోలికలో పువ్వు పుట్టేది నీటిలో, పెరిగేది నీటిలో, పైకి లేచి అంటకుండా నిలిచేదీ ఆ నీటికే. బురద ప్రస్తావన లేదు. అరియపరియేసన సుత్తంలో ఒక కొలనే ఉంది. కొన్ని పువ్వులు నీటి లోపలే ఉన్నాయి, కొన్ని నీటి మట్టానికి వచ్చాయి, కొన్ని పైకి లేచాయి. ధమ్మం చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్న బుద్ధుడికి లోకం అలా కనిపించింది. లోపలున్నవీ తామరలే. ఆ కొలనులో అంటరాని పువ్వు లేదు.

ధమ్మపదం పుప్ఫవగ్గంలో రహదారి పక్కన చెత్తకుప్పలో పూసిన తామర ఉంది. నిజమే, దాన్ని దాచడం నిజాయితీ కాదు. అయితే ఆ చెత్తకుప్ప ఏమిటో తరువాతి గాథే చెబుతుంది. అజ్ఞానంతో కళ్ళు మూసుకున్న జనమంతా అట. అందులో రాజూ ఉన్నాడు, పురోహితుడూ ఉన్నాడు. దాన్ని ఒక్క వాడ ముందు తెచ్చి పోసింది బుద్ధుడు కాదు.

సునీతుడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. థేరగాథలో ఆయన తన కథ తానే చెప్పుకున్నాడు. తక్కువదనుకునే కులంలో పుట్టాడు, బీదవాడు, వాడిన పువ్వులు ఎత్తిపారేయడం ఆయన పని. పువ్వులు ఒకరికి, వాడిన పువ్వులు ఇంకొకరికి అన్నమాట! ఆయనకు బుద్ధుడు దీక్ష ఇచ్చాడు. ఆ గాథల్లో ఎక్కడా బురదలో తామర అన్న మెచ్చుకోలు లేదు. బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో సునీతుడి దీక్షకు చోటిచ్చారు.

ఇక బురదకు వద్దాం. ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని పొలాలకు తోలుకునే ఊళ్ళు మనవి. ఆ మట్టి పడ్డ చేను ఎలా పండుతుందో రైతునడగండి. అజంతా గోడల మీద ముందు పూసింది కూడా పొట్టు, పీచు కలిపిన మట్టే. దానిపై పలచగా సున్నం, ఆ తరువాత రంగులు. ఒకటో గుహలో పద్మపాణి చేతిలోని పువ్వు దాదాపు 1500 ఏళ్ళుగా ఆ మట్టిని పట్టుకునే ఉంది. మట్టి ముట్టనివాళ్ళకే అది మురికి.

బొమ్మగా చూసినా ఆ నల్ల పట్టీ చెడ్డ పనే. నీటిరంగుల అందం కాగితపు తెలుపులో ఉంది. తెల్లతామర వేయాలంటే తెల్లరంగు అక్కర్లేదు. రేకు ఉన్నచోట కాగితాన్ని వదిలేసి చుట్టూ నీటిని వేస్తే పువ్వు తనంతట తాను తేలుతుంది. నీటిని వేయకుండా ఆ పువ్వు రానే రాదు. ముందు మధ్యలో దుద్దు పెట్టుకోండి, దాని చుట్టూ రేకులు సర్దుకుంటాయి. ఆకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉండాలి. చీలిక ఉన్నది కలువాకు, అది నీటిమీదే పరుచుకుంటుంది. తామరాకు తూడు మీద పైకి లేస్తుంది. మన బొమ్మల్లో సగం తామరలకు కలువాకులే ఉంటాయి, బహుశా కాపీ కొట్టిన కార్డులోనే తప్పుండి ఉంటుంది. ఆకు మీద నీటిబొట్టుకు చిన్న తెల్లచుక్క వదిలితే సరి, అంటకుండా నిలవడమంటే ఏమిటో పిల్లకు వేరే చెప్పనక్కర్లేదు. తూడు మాత్రం తప్పక వేయించండి. తూడు లేని పువ్వు ఎవరికీ ఏమీ కాని పువ్వు.

అది ఒక పార్టీ గుర్తు, మనకెందుకు అనే మిత్రులూ ఉన్నారు. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ఎన్నికల వరకే, చెరువుల మీద దానికి అధికార పరిధి లేదు.

పిల్లల ముందు కార్డులకు బదులు అమరావతి పూర్ణఘటం బొమ్మ పెట్టమని నా సలహా. నిండుకుండ, దాని మూతి నుంచి పొంగివచ్చే తామరలు, మొగ్గలు. అమరావతి శిల్పాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నా ఫొటోలు సులువుగానే దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో తీసుకున్న రాజముద్ర మధ్యలో ఉన్నదీ పూర్ణఘటమే. కుండ గీయడం పిల్లలకు కష్టం కాదు. తడి కాగితం మీద ఎర్రమట్టి రంగు ఒక్క చుట్టు చుట్టి, ఆరాక మూతి దగ్గర గీత పెడితే కుండ అయిపోతుంది.

అమరావతి మహాచైత్యానికి అలాంటి పూర్ణఘట ఫలకం ఒకటి దానం చేసినవాడి పేరు శాసనంలో ఉంది. విధికుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. వృత్తి కూడా దాచలేదు, చర్మకారుడు. ఆ దానంలో తల్లిని, భార్యను, సోదరులను, కొడుకును, కూతుళ్ళను, బంధుమిత్రులను కూడా కలుపుకున్నాడు. మన పిల్లల బొమ్మల అడుగున ఆ బురద వాక్యం ఉండే చోట వాళ్ళమ్మ పేరు, నాన్న పేరు, వాడ పేరు రాయించి చూడండి.