టోన్ వస్తే సరిపోదు, లైను కొలవాలి

"ఫోనులో టోన్ బ్రహ్మాండంగా ఉంది, మరి నెట్ ఎందుకు రాదు?" 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక ఊరూరా లైన్‌మన్లకు ఎదురైన ప్రశ్న ఇది. మాటకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ చాలు. అదే రాగి జత మీద ఏడీఎస్‌ఎల్ డేటా 11 లక్షల హెర్ట్జ్ దాకా, ఏడీఎస్‌ఎల్2 ప్లస్ అయితే 22 లక్షల దాకా పోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తీగ పైపొరలోనే కరెంటు పారుతుంది, సిగ్నల్ దారిలోనే సన్నగిల్లుతుంది. మాటను మోసిన తీగ డేటాను మోయలేకపోవడానికి కారణం ఇదే.

ఎంత సన్నగిల్లుతుందో ముందే లెక్కగట్టే దారి ఆలివర్ హెవిసైడ్ 1880లలోనే చూపాడు. తీగ నిరోధం, ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, ఇన్సులేషన్ లీకేజీ అనే నాలుగూ తెలిస్తే, ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత సిగ్నల్ మిగులుతుందో కాగితం మీదే తేలుతుంది.

ఇక చేతిపని. కడప జిల్లా వేంపల్లెలో ఎక్స్ఛేంజి నుంచి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఒక ఇల్లు ఉందనుకుందాం. లైన్‌మన్ అక్కడ ఫోను తీసేసి రెండు తీగలూ కలిపి షార్ట్ చేస్తాడు. ఎక్స్ఛేంజిలో లైన్లన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ చట్రం దగ్గర ఇంకొకరు లూప్ నిరోధం చూస్తారు. 0.4 మిల్లీమీటర్ల రాగి జతకు కిలోమీటరుకు సుమారు 280 ఓమ్‌లు, అంటే 420 రావాలి. మీటరు 560 చూపిస్తే ఆ అదనపు 140 ఏదో జాయింటులో పేరుకున్న తుప్పే కావచ్చు. తర్వాత షార్ట్ విప్పి, మెగ్గర్‌తో తీగకూ తీగకూ మధ్య, తీగకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ చూస్తారు. చివరికి టీడీఆర్ అనే పరికరం పంపిన పల్స్ తిరిగొచ్చిన సమయాన్ని బట్టి తెగిన చోటు, ఎప్పుడో వదిలేసిన కొమ్మ జత ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో తెలుస్తుంది.

మన రాయలసీమలో ఈ కొలతలకు మూడు చిక్కులున్నాయి. ఒకటి ఎండ. 20 డిగ్రీల నుంచి 45కు చేరితే రాగి నిరోధం దాదాపు పది శాతం పెరుగుతుంది. ఆ లెక్క వేయకపోతే మంచి లైనును చెడ్డదంటాం. రెండోది పొడి నేల. చెడిన జాయింటు ఎండాకాలమంతా మెగ్గర్‌కు కూడా దొరక్కుండా ఉండి, తొలి వానకు బయటపడుతుంది. అందుకే వానల తర్వాత కొలత తప్పనిసరి. మూడోది రాయి. వేంపల్లె చుట్టూ ఉన్నది డోలమైట్. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ శిలల వరుసకు ఈ ఊరి పేరే పెట్టారు. ఇలాంటి రాతినేలలో ఎర్త్ సరిగా కుదరదు, అది కుదరకపోతే తీగకూ ఎర్త్‌కూ మధ్య కొలతను నమ్మలేం. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతకు వేసవిలో నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఇప్పుడు ఫైబర్ వచ్చింది. అయినా అందులో తెగిన చోటు పట్టే ఓటీడీఆర్ పాత టీడీఆర్‌కు తమ్ముడే, కరెంటు పల్స్‌కు బదులు వెలుగు పల్స్ పంపుతుంది, అంతే. ఇంకా రాగి లైను మీదే ఉన్నవారికి ఒక మాట. నెట్ తరచూ పోతుంటే మోడెమ్ సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, అంటే రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఉన్న మిగులు, చూడండి. అది 6 డెసిబెల్స్ కంటే తక్కువుంటే ఆ అంకె రాసి ఫిర్యాదు ఇవ్వండి. "నెట్ రావట్లేదు" అన్న మాట కంటే ఆ అంకెతోనే పని త్వరగా అవుతుంది.