ఊపిరితిత్తుల మార్పిడిలో కోత, చూపు: ఒక పరిశీలన

1963లో జేమ్స్ హార్డీ మిసిసిపీలో తొలిసారి మనిషికి మార్చినది ఒక్క ఎడమ ఊపిరితిత్తిని మాత్రమే. అందుకు ఛాతీని ఒక పక్క తెరిస్తే సరిపోయింది. రెండింటినీ మార్చవలసి వచ్చినప్పుడే ‘ఎక్కడ కోస్తే ఎంత కనిపిస్తుంది’ అన్నది పెద్ద ప్రశ్న అయింది. 1990 ప్రాంతంలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం ఇందుకు క్లామ్‌షెల్ కోతను ఎంచుకుంది. ఇందులో పక్కటెముకల సందు వెంట రెండు వైపులా కోసి, రొమ్ము ఎముకను అడ్డంగా ఖండించి, ఛాతీని ఆల్చిప్పలా తెరుస్తారు. చూపుకు ఇంతటి తెరపి మరో కోతలో అరుదు. అయితే ఆ ఎముక కొందరిలో సరిగా అతకదు. అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. 1999లో అదే కేంద్రానికి చెందిన బృందం ఎముక జోలికి పోకుండా రెండు పక్కలా విడివిడిగా తెరిచే మార్గాన్ని సమర్థించింది.

సొంత పద్ధతిని సవరించుకోవడం మెచ్చదగినదే. వాదంలో మాత్రం ఒక వెలితి ఉంది. అతకని ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది, లెక్కకు వస్తుంది. ఇరుకు సందులోంచి ఎడమ ఊపిరితిత్తి మూలాన్ని అందుకోవడానికి గుండెను పక్కకు నెట్టినప్పుడు రక్తపోటు పడిపోయే నిమిషాలు పట్టికల్లోకి అంత సులువుగా ఎక్కవు.

అందుకే చిన్నవిగా తోచే ఉపాయాలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఉదరవితానం నడిమి స్నాయుభాగంలో ఒక కుట్టు వేసి, దారాన్ని ఛాతీ గోడ దిగువ నుంచి బయటికి లాగి బిగిస్తే ఊపిరితిత్తి మూలం కళ్లెదుటికి వస్తుంది. హృదయావరణానికి కుట్లు వేసి లాగడమూ ఉపకరిస్తుంది; అక్కడే సాగే ఫ్రీనిక్ నాడి నలిగితే మాత్రం శస్త్రచికిత్స తర్వాత శ్వాసే కష్టమవుతుంది. గుండె కొనను సక్షన్ పరికరంతో ఎత్తిపట్టవచ్చు. ఎక్మో తోడుంటే గుండెను జరపడం మరింత నిశ్చింతగా సాగుతుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల రక్తస్రావ భయం పెరుగుతుంది.

ఛాతీలన్నీ ఒకటి కావు. ఎంఫసీమా రోగి ఛాతీ విశాలం. ఫైబ్రోసిస్‌లో అది కుంచించుకుపోయి ఉదరవితానం పైకి లేస్తుంది. ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగిన రోగిలో ఉబ్బిన గుండే దారికి అడ్డం. పైగా విడి కోతలతో మొదలుపెట్టి, మధ్యలో చూపు చాలక ఎముకను ఖండించవలసిన సందర్భాలూ ఉంటాయి. అటువంటి రోగిని ఏ వర్గంలో లెక్కించారో చెప్పకపోతే రెండు కోతల పోలికకు అర్థం ఉండదు.