ఒకే యంత్రము, రెండు మాంసములు

2005 సెప్టెంబరు మాసమున దక్షిణ వేల్సు ప్రాంతపు పాఠశాలలలో రక్తవిరేచనముల వ్యాధి చెలరేగినది. 157 మంది జబ్బుపడిరి. వారిలో అత్యధికులు పిల్లలే. ఐదేండ్ల బాలుడొకడు మరణించెను. బడి భోజనములకు ఒక మాంసపు వ్యాపారి సరఫరా చేసిన, వండి ముక్కలు కోసిన మాంసమే దీనికి మూలమని తేలినది. బాక్టీరియా శాస్త్రజ్ఞుడైన ప్రొఫెసర్ హ్యూ పెన్నింగ్టన్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణ నివేదిక 2009 మార్చిలో వెలువడినది. మాంసపు దుకాణములో శుభ్రత అనగా నేమో తెలియగోరువారు దీనిని తప్పక చదువవలెను. అయినను దీనిలో ఒక పెద్ద లోపము కలదు.

ముందు ఆ సూక్ష్మజీవిని గూర్చి రెండు మాటలు. ఇ. కోలై జాతి బాక్టీరియా మనందరి ప్రేగులలోను ఉండును. వాటిలో పెక్కింటి వలన హాని లేదు. 1982లో అమెరికాలో గుర్తింపబడిన ఓ157 అను రకము మాత్రము వేరు. పశువుల ప్రేగులలో అది చడీచప్పుడు లేక నివసించును. పశువుకు ఏ బాధయు ఉండదు. మనుష్యునిలో చేరినచో విషమును పుట్టించి, పసిపిల్లలలో మూత్రపిండములనే దెబ్బతీయగలదు. ఆహారమును చెరచు క్రిములు చాలవరకు నిలువ ఉన్న పదార్థములో లక్షల సంఖ్యకు పెరిగిన తరువాతనే రోగము కలిగించును. దీనికి ఆ నిరీక్షణతో పనిలేదు. నూరుకంటె తక్కువ క్రిములు చాలును. కనుక మాంసము తాజాగా ఉన్నది, వాసన లేదు అనుట ఇచ్చట ఏ భరోసాయు కాదు.

నివేదికలో మిక్కిలి విలువైన భాగము యంత్రమును గూర్చినది. పొట్లములోని గాలిని పీల్చివేసి మూతవేయు యంత్రము ఆ దుకాణములో ఒకటే ఉండెడిది. పచ్చి మాంసమును, వండిన మాంసమును దానిలోనే కట్టిరి. గాలి లేకపోయినంత మాత్రమున ఈ క్రిమి చావదు. ప్రాణవాయువు ఉన్నను లేకున్నను బ్రతుకగల జీవి యది. పచ్చి మాంసము మీది క్రిములు యంత్రమునకు అంటి, అక్కడనుండి వండిన ముక్కలకు చేరెను. ఆ ముక్కలను పిల్లలు చల్లగానే తినిరి. మధ్యలో పొయ్యి లేదు. పై తలమును తుడువవచ్చును గాని, గాలిని పీల్చు లోపలి మూలమూలలను రెండు పనుల నడుమ శుభ్రపరచుట సాధ్యము కాదు.

నేరమంతయు ఒక్క వ్యాపారిపై నెట్టివేయక పోవుట ఈ నివేదికకు గల మరియొక గుణము. అతడు పట్టికలను తప్పుగా వ్రాసెననియు, తనిఖీ అధికారులకు అబద్ధము చెప్పెననియు అది స్పష్టముగనే పలుకుచున్నది. కాని అంతటితో ఆగక, పశువధశాలలో ఏండ్లతరబడి సాగిన అశుభ్రతను, లోతు లేని తనిఖీలను, సరఫరాదారుని ఎన్నుకొన్న పద్ధతిలోని లోపములను కూడ వరుసగా బయటపెట్టినది.

లోపము సిఫారసులలో ఉన్నది. 1996లో స్కాట్లండులోని విషా పట్టణమున ఒక మాంసపు దుకాణము వలన ఇదే క్రిమి ఇంచుమించు 500 మందిని పట్టి పీడించినది. కనీసము 17 మంది మరణించిరి. అప్పటి విచారణకు అధ్యక్షుడు కూడ పెన్నింగ్టనే. పచ్చిదానిని, వండినదానిని వేరు చేయుడని 1997లోనే ఆయన చెప్పెను. ఆ మాట తెలిసిన దేశములోనే వేల్సు విషాదము జరిగినది. అట్టిచో రెండవ నివేదికలోని 24 సిఫారసులలో మొదటిది, కలుషమును నివారింపగల ఏర్పాట్లు ప్రతి వ్యాపారియు చేసికొనవలెనని సామాన్య వాక్యముగా చెప్పి ఊరకుండుట నిరాశ కలిగించును. ప్రమాదము ఏ దశలో పుట్టునో ముందుగా గుర్తించి అదుపుచేయు ‘హాసప్’ పద్ధతిపై నివేదికకు గట్టి నమ్మకము. ఆ పద్ధతి మంచిదే. కాని పట్టికలను తప్పుగా నింపిన దుకాణమునకు మరికొన్ని పట్టికలు ఏమి నేర్పును? ముక్కలు కోయు పనివానికి కావలసినది పట్టిక కాదు, ‘ఈ యంత్రమున ఇది పెట్టరాదు’ అను ఒక్క ఆజ్ఞ.

తెలుగు పాఠకునికి యంత్రము వింతగా తోచవచ్చును. మన ఇండ్లలో మాంసము బాగుగా ఉడుకును. భయము అక్కడ లేదు. కాని కోడిమాంసము తరిగిన కత్తిపీట మీదనే, నీళ్లు చిలకరించి, నంజుకొనుటకు ఉల్లిపాయలు, పైన చల్లుటకు కొత్తిమీర తరుగుట ఎన్ని ఇండ్లలో లేదు! కోడి ప్రేగులలో ఉండు సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ క్రిములకు ఆ కత్తిపీటే వేల్సు యంత్రము. కూర ఉడికినది, ఉల్లిపాయ ఉడుకలేదు.

నివేదిక వదలివేసిన ఆ ఆజ్ఞను బ్రిటిషు ఆహార ప్రమాణముల సంస్థ 2011లో వ్రాసినది. గాలి తీయు యంత్రము, ముక్కలు కోయు యంత్రము, కీమా కొట్టు యంత్రము — వీటిని పచ్చిదానికిని, వండినదానికిని కలిపి ఎన్నడును వాడరాదని అది శాసించినది. వేల్సు బాలుని మరణమునకు, ఆ వాక్యమునకు నడుమ ఐదేండ్లకు పైగా గడచినవి.